తడి ఒంటికే మాయిశ్చరైజర్ రాస్తే ఏమవుతుంది..? ఏది రాయాలి, ఎంత రాయాలి, ఎవరు జాగ్రత్తపడాలి.. పూర్తి వివరాలు

స్నానం చేసి బయటకొచ్చి పది నిమిషాలు కాలేదు.. పిక్కల మీద తెల్లటి గీతలు. గోకితే పొట్టు. మోచేతులు బిరుసు. చలికాలం వచ్చిందంటే ఆదిలాబాద్ నుంచి లంబసింగి దాకా చాలా ఇళ్లలో ఇదే గోల. రోజంతా ఏసీ గదుల్లో కూర్చునేవాళ్లకైతే ఎండాకాలంలో కూడా ఈ బాధ తప్పదు.

దీనికి ఫోన్‌లో రీల్స్ అన్నీ చెప్పే చిట్కా ఒక్కటే.. 'ఒళ్లు తుడుచుకోకండి, తడి మీదే మాయిశ్చరైజర్ రాసేయండి' అని. మరి ఇది నిజంగా పనిచేస్తుందా? ఇంట్లో ఉన్న కొబ్బరినూనె చాలా, క్రీమ్ కొనాలా? షుగర్ ఉన్నవాళ్లు, పెద్దవాళ్లు, పసిపిల్లల సంగతేంటి? ఒక్కొక్కటిగా చూద్దాం.

టైమ్ లేనివాళ్ల కోసం.. ముందే నాలుగు ముక్కల్లో

- నీళ్లు కారుతున్న ఒంటికి కాదు.. అద్ది వదిలేసిన, కాస్త చెమ్మగా ఉన్న ఒంటికి రాయాలి.
- స్నానం అయిన 3 నుంచి 5 నిమిషాల లోపు రాస్తే మంచిది. ఆలస్యమైందని మానేయడం మాత్రం తప్పు.
- నూనె, పెట్రోలియం జెల్లీ లాంటివి రాసేవాళ్లకి తడి ఎక్కువ ఉపయోగం. క్రీమ్ పొడి ఒంటి మీద కూడా బాగానే పనిచేస్తుంది.
- బాత్రూమ్‌లో నిలబడి రాయొద్దు. కాలు జారితే చర్మం కన్నా పెద్ద సమస్య అవుతుంది.

అసలు ఈ స్టోరీ ఎందుకంటే..

మా అమ్మమ్మకి డెబ్భై దాటాయి. పోయిన చలికాలంలో రాత్రి పడుకుంటే చాలు.. కాళ్లు గోక్కుంటూ లేచి కూర్చునేది. 'చీమలు పాకినట్టు అయితుంది బిడ్డా' అనేది. తెల్లారి చూస్తే దుప్పటి మీద రక్తపు చుక్కలు. షుగర్ కూడా ఉండటంతో భయమేసి చర్మ వ్యాధుల డాక్టర్‌కి చూపించాం. ఆయన మందు రాయడానికి ముందు అడిగిన ప్రశ్న ఒక్కటే.. 'అమ్మా, స్నానం ఎలా చేస్తావు?'

పొగలు కక్కే నీళ్లు, తల నుంచి కాళ్ల దాకా రెండుసార్లు సబ్బు, గరుకు పీచు, చివర్లో పౌడర్. ఈ నాలుగూ మార్చమన్నారు. స్నానం అవ్వగానే తడి ఆరకముందే క్రీమ్ రాయమన్నారు. వాడి చూసేందుకు మూడు వారాలు టైమ్ ఇచ్చారు.

క్రీమ్ తెచ్చేలోపు రెండు రోజులు కొబ్బరినూనెతో మొదలుపెట్టాం. రెండో రోజే బాత్రూమ్‌లో అరికాలు జారింది. కుళాయి పట్టుకుంది కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి రాయడం బాత్రూమ్ బయట, కుర్చీలో కూర్చోబెట్టి. మూడో వారానికి రాత్రిళ్లు నిద్రపోతోంది. ఎడమ మడమ పైన ఒక్క మచ్చ మాత్రం తగ్గలేదు. దానికి డాక్టర్ వేరే మందు ఇచ్చారు. అంటే మాయిశ్చరైజర్‌కి ఏది లొంగుతుందో, ఏది లొంగదో కూడా తెలియాలన్నమాట. అది కూడా కింద చూద్దాం.

చర్మం ఎందుకు ఎండిపోతుంది?

చర్మం పై పొర మామూలు కాగితం కన్నా పలచగా ఉంటుంది. ఇందులో చచ్చిన కణాలు ఇటుకల్లా ఒకదానిపై ఒకటి పేర్చి ఉంటాయి. వాటి మధ్య సిమెంట్ లాంటి కొవ్వు పదార్థం ఉంటుంది. సెరమైడ్లు, కొలెస్ట్రాల్, ఫ్యాటీ యాసిడ్లు.. ఈ మూడూ కలిసిందే ఆ సిమెంట్. లోపలి నీరు బయటకు పోకుండా, బయటి క్రిములు లోపలికి రాకుండా ఆపేది ఈ గోడే.

ఎంత మంచి గోడకైనా కొంత ఆవిరి పోతూనే ఉంటుంది. చెమట పట్టకపోయినా చర్మం నుంచి నీరు నెమ్మదిగా గాల్లోకి వెళ్తుంది. గాలి పొడిగా ఉంటే ఇంకా త్వరగా పోతుంది. అందుకే తెలంగాణ చలిలో పగిలే కాళ్లు విశాఖ, మచిలీపట్నం వైపు తేమ గాలిలో అంతగా పగలవు. అమెరికా, కెనడాలో ఉండే మనవాళ్లకి చలికాలంలో హీటర్ వేసిన ఇంట్లో ఈ సమస్య మరీ ఎక్కువ. బయట చలి, లోపల ఎండిపోయిన గాలి.

వయసు పెరిగేకొద్దీ చర్మంలో నూనె తయారీ తగ్గుతుంది. గోడ రిపేర్ కూడా ఆలస్యం అవుతుంది. పిక్కల ముందు భాగంలో నూనె గ్రంథులు సహజంగానే తక్కువ. అందుకే పెద్దవాళ్లలో దురద ముందుగా కాళ్ల దగ్గరే మొదలవుతుంది.

నీళ్లు పోసుకుంటే తడి కదా.. మరి పొడిబారడం ఏంటి?

ఇక్కడే చాలామంది పొరబడతారు. స్నానం చేస్తున్నప్పుడు పై పొర నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది. నీళ్లలో ఎక్కువసేపు నానిన వేళ్లు ముడతలు పడేటప్పుడు మెత్తగా అవుతాయి కదా, అలాంటప్పుడు చర్మం నిండా నీరే. కానీ తుడుచుకున్న కాసేపటికి ఆ నీరంతా ఆవిరైపోతుంది. చర్మం సొంతంగా దాచుకున్న తేమ పదార్థాలు కొన్ని స్నానం నీటితో కొట్టుకుపోతాయి. ఇక వేడినీళ్లు, సబ్బు కలిస్తే ఆ సిమెంట్‌లోని కొవ్వు కూడా కరిగిపోతుంది.

మామూలు సబ్బు క్షార గుణం ఉన్నది. దాని పీహెచ్ 9 నుంచి 10 దాకా ఉంటుంది. మన చర్మం పీహెచ్ 5కి అటూ ఇటూ. కొంతమంది సబ్బు పెట్టె వెనక టీఎఫ్‌ఎం శాతం చూసి కొంటారు. 76 శాతం పైన ఉంటే గ్రేడ్ 1 టాయిలెట్ సోప్ అంటారు, నిజమే. కానీ టీఎఫ్‌ఎం అంటే అందులో ఉన్న కొవ్వు పదార్థం లెక్క మాత్రమే. గ్రేడ్ 1 అయినంత మాత్రాన పీహెచ్ తగ్గిపోదు. చర్మం బాగా పొడిబారేవాళ్లకి సబ్బు కాని సబ్బులు ఉంటాయి.. సిండెట్ బార్, సోప్ ఫ్రీ క్లెన్సర్ అని మెడికల్ షాపుల్లో అడిగితే ఇస్తారు.

బోరు నీళ్ల సంగతి కూడా ఉంది. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న గట్టి నీటిలో సబ్బు సరిగ్గా నురగ రాదు. రాలేదని ఇంకాస్త రుద్దుతాం. తెల్లటి మడ్డి బకెట్‌కి పట్టినట్టే ఒంటికీ పడుతుంది. అది దురద పెడుతుంది.

తడి మీద రాస్తే లాభం ఎంత?

లాజిక్ సింపుల్. చర్మం పీల్చుకున్న నీరు ఆవిరి కాకముందే పైన మూత పెట్టేయడం. అమెరికా చర్మ వైద్యుల అకాడమీ కూడా స్నానం తర్వాత ఒళ్లు అద్దుకుని, కాస్త తడి ఉండగానే మాయిశ్చరైజర్ రాయమని చెబుతుంది. ఎగ్జిమా ఉన్నవాళ్లకి '3 నిమిషాల రూల్' అని చెప్పేది కూడా దీన్నే.

ఇదే పద్ధతికి గట్టి రూపం ఒకటుంది. దాని పేరు 'సోక్ అండ్ స్మియర్'. 2005లో అమెరికాలో ఒక వైద్య పత్రికలో దీని మీద రిపోర్ట్ వచ్చింది. రాత్రి పూట దాదాపు 20 నిమిషాలు మామూలు నీళ్లలో ఒళ్లు నానబెట్టి, తుడుచుకోకుండానే ఆయింట్‌మెంట్ పట్టించడం ఈ పద్ధతి. అందులో వాడింది స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్. ఇంట్లో సొంతంగా చేసేది కాదు, డాక్టర్ చెబితేనే.

అయితే ఇక్కడో ట్విస్ట్ ఉంది. 2009లో అమెరికాలోనే ఇంకో చిన్న పరిశోధన జరిగింది. ఎగ్జిమా ఉన్నవాళ్లు ఐదుగురు, లేనివాళ్లు ఐదుగురు.. మొత్తం పదిమంది మీద. స్నానం చేసి వెంటనే రాస్తే ఎంత తేమ ఉంది, 30 నిమిషాలు ఆగి రాస్తే ఎంత ఉంది, స్నానం లేకుండా రాస్తే ఎంత ఉంది, స్నానం చేసి ఏమీ రాయకపోతే ఎంత ఉంది.. ఇలా నాలుగు రకాలుగా కొలిచారు. ఎగ్జిమా ఉన్నవాళ్లలో వెంటనే రాసినా, ఆగి రాసినా తేడా దాదాపు లేదు. స్నానం లేకుండా రాసినప్పుడే తేమ ఎక్కువ కనిపించింది. స్నానం చేసి ఏమీ రాయనివాళ్ల చర్మం మాత్రం మొదటికన్నా పొడిబారింది.

పదిమందితో చేసింది కాబట్టి ఇదే ఫైనల్ అనలేం. కానీ ఒక విషయం అర్థమవుతోంది. మూడో నిమిషమా, ముప్పయ్యో నిమిషమా అన్నది చిన్న తేడా. రాశామా, లేదా అన్నది పెద్ద తేడా.

నేను కూడా నా కాళ్ల మీద ట్రై చేశాను. రెండు వారాలు, ఒకే క్రీమ్. ఎడమ కాలికి తడి మీద, కుడి కాలికి అరగంట ఆగి. సాయంత్రానికి రెండు కాళ్ల మధ్య పెద్ద తేడా చూపించలేను. కానీ ఎడమ కాలికి ఒక్కరోజు కూడా మిస్ అవ్వలేదు. కుడి కాలికి నాలుగు రోజులు మర్చిపోయాను. ఆ నాలుగు రోజులూ కుడి పిక్క మీద తెల్లటి గీతలు. తడి మీద రాయడంలో నాకు దొరికిన అసలు లాభం అదే.. స్నానంతో పాటే పని అయిపోతుంది, మర్చిపోవడం ఉండదు. పైగా తడి మీద క్రీమ్ త్వరగా పాకుతుంది, తక్కువతో ఎక్కువ చోటికి వస్తుంది.

ఏది రాయాలి? మూడు పనులు గుర్తుపెట్టుకోండి

మార్కెట్‌లో వంద రకాలు ఉన్నా వాటిలో ఉండేవి మూడు పనులు చేసే పదార్థాలే.

1. నీటిని పట్టి ఉంచేవి. గ్లిజరిన్, యూరియా, హైలురోనిక్ యాసిడ్, లాక్టిక్ యాసిడ్ ఈ కోవలోవి. ఇవి ఒక్కటే రాసి వదిలేస్తే పొడి గాలిలో నీరు నిలవదు. పైన ఏదో ఒక మూత ఉండాలి.

2. సందులు నింపి మెత్తగా చేసేవి. రకరకాల నూనెలు, సెరమైడ్లు, షియా బటర్ లాంటివి. చర్మం గరుకుతనం పోయేది వీటివల్లే.

3. మూత పెట్టేవి. పెట్రోలియం జెల్లీ, లిక్విడ్ పారఫిన్, లానోలిన్, డైమెథికోన్. నీరు ఆవిరి కాకుండా ఆపడంలో పెట్రోలియం జెల్లీని మించింది లేదు. 1872లో అమెరికాలో రాబర్ట్ చీజ్‌బ్రో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. 150 ఏళ్లు దాటినా దాని స్థానం దానిదే.

మంచి క్రీమ్‌లో ఈ మూడూ ఉంటాయి. డబ్బా వెనక పదార్థాల లిస్ట్ చూడండి. ఎక్కువ మోతాదులో ఉన్నవి ముందు రాస్తారు. 1 శాతం కన్నా తక్కువ ఉన్నవి చివర్లో ఏ వరుసలోనైనా రావచ్చు. డబ్బా ముందు బాదం బొమ్మ పెద్దదిగా ఉండి, లిస్ట్‌లో బాదం నూనె చివర ఎక్కడో ఉంటే.. మీరు డబ్బులిచ్చింది బొమ్మకే.

లోషన్, క్రీమ్, ఆయింట్‌మెంట్.. తేడా ఏంటి?

లోషన్‌లో ఎక్కువ భాగం నీరే. పలచగా ఉంటుంది, జిడ్డు ఉండదు, త్వరగా ఆరిపోతుంది. ఎండాకాలానికి, కోస్తా వాతావరణానికి, వెంట్రుకలు ఎక్కువున్న చోట్లకి సరిపోతుంది.

క్రీమ్‌లో నూనె పాలు ఎక్కువ. డబ్బా బోర్లించినా జారదు. చలికాలంలో పొడి చర్మానికి ఇదే బెస్ట్.

ఆయింట్‌మెంట్, జెల్లీ రకాల్లో నీరు ఉండదు, లేదా చాలా తక్కువ. వీటికి సొంత నీరు లేదు కాబట్టి ఇచ్చే నీరు చర్మం మీదే ఉండాలి. అందుకే తడి మీద రాయడం అన్నది అన్నింటికన్నా వీటికే ఎక్కువ వర్తిస్తుంది. పగిలిన మడమలకి, మోకాళ్లకి, రాత్రి పడుకునే ముందు బాగుంటాయి. బట్టలకి జిడ్డు అంటుతుంది, అది మాత్రం తప్పదు.

ఇన్ షవర్ లోషన్ అని ఇంకో రకం ఉంది. స్నానం చివర్లో తడి ఒంటికి రాసి, మళ్లీ నీళ్లు పోసుకుని కడిగేయాలి. పల్చటి పొర మాత్రం మిగులుతుంది. మామూలు చర్మానికి, హడావిడిగా ఆఫీసుకి పరిగెత్తేవాళ్లకి ఓకే. పొట్టు రాలే చర్మానికి చాలదు. కడగక్కర్లేకుండా తడి మీద రాసి అద్దుకునే రకాలు కూడా విడిగా వస్తున్నాయి. కొనేముందు 'కడగాలా, వద్దా' అన్నది డబ్బా మీద చదవాలి.

మన ఇంట్లో ఉన్నవి పనికొస్తాయా?

కొబ్బరినూనె: పనికొస్తుంది. 2004లో ఫిలిప్పీన్స్‌లో పొడి చర్మం ఉన్న 34 మంది మీద దీన్ని పరీక్షించారు. కొంతమందికి వర్జిన్ కొబ్బరినూనె, కొంతమందికి మినరల్ ఆయిల్ ఇచ్చి రెండు వారాలు కాళ్లకి రాయించారు. రెండూ బాగానే పనిచేశాయి. మొటిమలు వచ్చేవాళ్లు మాత్రం ముఖానికి, వీపుకి రాయకపోవడమే మంచిది.

గ్లిజరిన్: మెడికల్ షాపులో దొరికే గ్లిజరిన్‌ని ఉన్నదున్నట్టు రాయొద్దు. జిగురుగా ఉంటుంది, కొందరికి మండుతుంది. అమ్మలు రోజ్‌వాటర్‌లో కలిపి రాసే పద్ధతే కరెక్ట్. అది కూడా తడి ఒంటికి రాసి, పైన రెండు చుక్కలు నూనె పట్టిస్తే పట్టి ఉంచేదీ, మూత పెట్టేదీ రెండూ అయినట్టే.

ఆలివ్ ఆయిల్: ఖరీదైనది కాబట్టి మంచిదనుకోవద్దు. 2013లో బ్రిటన్‌లో జరిగిన పరిశోధనలో కొన్ని వారాలు ఆలివ్ ఆయిల్ రాసినచోట చర్మపు గోడ బలహీనపడిందని తేలింది. పొద్దుతిరుగుడు నూనె రాసినచోట అలా జరగలేదు. ఎగ్జిమా ఉన్నవాళ్లు, పసిపిల్లల తల్లులు ఇది గుర్తుపెట్టుకోవాలి.

నలుగుపిండి: పండగ రోజు తలంటుకి నూనె పట్టించి నలుగు పెట్టుకోవడం మన అలవాటు. స్నానానికి ముందు నూనె రాస్తే సబ్బు, వేడినీళ్లు చేసే నష్టం కాస్త తగ్గుతుంది. కానీ పిండి గట్టిగా రుద్దితే పగిలిన చర్మం ఇంకా రేగుతుంది. దురద ఉన్నవాళ్లు ఆ రోజు కూడా చివర్లో మాయిశ్చరైజర్ రాయాల్సిందే.

పౌడర్: తేమని పీల్చేస్తుంది. పొడి చర్మం ఉన్నవాళ్లు స్నానం అవ్వగానే ఒంటి నిండా పౌడర్ చల్లుకోవడం అంటే ఉన్న తడిని తుడిచేయడమే.

స్టెప్ బై స్టెప్.. ఇలా చేయండి

1. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. మోచేయి ముంచి చూడండి. షుగర్‌తో పాదాలు మొద్దుబారినవాళ్లకి కాలితో చూస్తే వేడి తెలియదు, కాలిపోయే ప్రమాదం ఉంది.

2. స్నానం 5 నుంచి 10 నిమిషాల్లో ముగించండి. బకెట్ స్నానం చేసేవాళ్లకి ఇది పెద్ద కష్టం కాదు. షవర్, గీజర్ ఉన్నవాళ్లే వాచ్ చూసుకోవాలి.

3. సబ్బు చంకలు, గజ్జలు, పాదాలు, మట్టి పట్టిన చోట్లకి చాలు. చేతులు, పిక్కలు, వీపుకి రోజూ సబ్బు అక్కర్లేదు. పీచు పక్కన పెట్టేయండి.

4. మెత్తటి తువ్వాలుతో అద్దండి. రుద్దొద్దు. నీటి బొట్లు కారకూడదు, కానీ చేత్తో తాకితే చెమ్మ తెలియాలి. అదే కరెక్ట్ తడి. మరీ నీళ్లు కారుతుంటే క్రీమ్ పలచబడి జారిపోతుంది.

5. వేలి సందులు, గజ్జలు, రొమ్ముల కింద, చంకలు మాత్రం పూర్తిగా పొడిగా తుడవాలి. అక్కడ తడి ఉంటే ఫంగస్‌కి పండగే. ఆ చోట్లకి మాయిశ్చరైజర్ వద్దు.

6. బాత్రూమ్ బయటకొచ్చి, కూర్చుని రాసుకోండి. అరికాళ్లు చివర్లో. రాశాక సాక్స్ వేసుకోండి, లేదా ఆరేదాకా నడవకండి.

7. వెంట్రుకలు ఏ దిక్కుకి ఉంటే ఆ దిక్కుకే పామండి. ఎదురు రుద్దితే వెంట్రుకల మొదళ్లలో చిన్న పొక్కులు రావచ్చు.

8. రెండు మూడు నిమిషాలు ఆగి బట్టలు వేసుకోండి. ఎండలోకి వెళ్తుంటే సన్‌స్క్రీన్ దీని తర్వాతే.

9. సాయంత్రం మళ్లీ స్నానం చేయక్కర్లేదు. తడి గుడ్డతో కాళ్లూ చేతులూ ఒకసారి తుడిచి మళ్లీ రాయండి.

ఎంత రాయాలి?

ఇక్కడే అందరూ పిసినారితనం చూపిస్తారు. చూపుడు వేలు చివరి గీత దాకా ట్యూబ్ నుంచి పిండితే దాదాపు అర గ్రాము. అది రెండు అరచేతులంత చోటుకి వస్తుంది. పెద్దవాళ్లకి ఒళ్లంతా ఒకసారి రాయడానికి దాదాపు 30 గ్రాములు పడుతుందని చర్మ వైద్యులు లెక్క చెబుతారు. ఎగ్జిమా బాగా ఉన్నవాళ్లకి వారానికి 250 నుంచి 500 గ్రాముల దాకా వాడమంటారు.

మామూలు పొడి చర్మానికి అంత అవసరం లేదు. కాళ్లు, చేతులకి రాస్తే చాలు. కానీ కొనేటప్పుడు ఈ లెక్క పనికొస్తుంది. 300 రూపాయల బాటిల్‌లో 100 గ్రాములే ఉంటే గ్రాముకి 3 రూపాయలు. రోజుకి 10 గ్రాములు రాస్తే రోజుకి 30 రూపాయలు. ఖరీదు చూసి చిటికెడు రాసుకునే కంపెనీ క్రీమ్ కన్నా, చేతినిండా తీసుకోగలిగే మామూలు క్రీమ్ మేలు.

లేబుల్ మీద మాటలు.. అసలు అర్థం

- సువాసన లేనిది అని, వాసన తెలియనిది అని రెండు రకాలు ఉంటాయి. ఫ్రాగ్రెన్స్ ఫ్రీ అంటే సెంట్ కలపలేదని. అన్‌సెంటెడ్ అంటే వాసన తెలియకుండా ఇంకో సెంట్ కలిపి ఉండొచ్చు. దురద ఉన్నవాళ్లకి మొదటిదే మంచిది.
- డెర్మటలాజికల్లీ టెస్టెడ్ అంటే చర్మం మీద పరీక్షించారని మాత్రమే. మీకు పడుతుందన్న గ్యారంటీ కాదు.
- యూరియా 5 నుంచి 10 శాతం ఉంటే తేమ కోసం. 20 శాతం, ఆపైన ఉంటే మడమల గట్టి తోలు మెత్తబడటానికి. పగుళ్ల మీద రాస్తే మండుతుంది. పిల్లలకి డాక్టర్‌ని అడగకుండా వద్దు.

కొత్తది ఏది తెచ్చినా ముందు మోచేయి లోపలి వైపు కొంచెం రాసి నాలుగైదు రోజులు చూడండి. ఎర్రబడకపోతే అప్పుడు ఒళ్లంతా.

జాగ్రత్త.. ఇవి మాయిశ్చరైజర్‌తో తగ్గవు

రాత్రి పూట దురద ఎక్కువై, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వస్తే అది పొడి చర్మం కాదు.. గజ్జి కావచ్చు. వేలి సందులు, నడుము, మణికట్టు దగ్గర చిన్న పొక్కులు చూడండి. ఇంట్లో అందరూ ఒకేసారి మందు వాడాలి.

అంచులు ఎర్రగా, గుండ్రంగా పాకుతుంటే తామర. తడి మీద క్రీమ్ రాస్తే ఇంకా పెరగొచ్చు.

ఒంటి మీద మచ్చ, పొక్కు ఏమీ లేకుండా వారాల తరబడి దురద వస్తే రక్త పరీక్షలు చేయించాలి. కిడ్నీ, లివర్, థైరాయిడ్ సమస్యలు, ఐరన్ తక్కువ కావడం వల్ల కూడా దురద వస్తుంది.

కాలు ఒక్కటే ఎర్రగా, వేడిగా వాచి నొప్పి, జ్వరం ఉంటే అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. గోకిన పగులులోంచి క్రిములు లోపలికి వెళ్లి ఉండొచ్చు. షుగర్ ఉన్నవాళ్లకి ఇది చాలా ప్రమాదం. వాళ్లు రోజూ పాదాలకి క్రీమ్ రాయాలి, కానీ వేలి సందుల్లో రాయకూడదు. రాసేటప్పుడే అరికాళ్లు కూడా చూసుకోవాలి. కొత్త పుండు కనిపించేది అప్పుడే.

మెడికల్ షాపులో 'దురద క్రీమ్' అడిగితే..

చాలామంది చేసే పెద్ద తప్పు ఇదే. దురద అనగానే ఇచ్చే ట్యూబుల్లో కొన్నింటిలో స్టెరాయిడ్ ఉంటుంది. బీటామెథసోన్, క్లోబెటసాల్ అన్న పేర్లు కనిపిస్తే అది మాయిశ్చరైజర్ కాదు. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్లు ఉన్న క్రీములను డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలని షెడ్యూల్ హెచ్ కిందకి తెచ్చింది. తడి చర్మం ఇలాంటి మందుని ఇంకా ఎక్కువగా లోపలికి పీల్చుకుంటుంది. రీల్ చూసి తడి ఒంటికి ఇవి రోజూ రాస్తే చర్మం పలచబడి నరాలు కనిపించేదాకా వెళ్తుంది. డాక్టర్ స్టెరాయిడ్ రాసి ఉంటే.. దాన్ని ముందా, క్రీమ్ ముందా, ఎంత గ్యాప్ ఇవ్వాలి అన్నది కూడా ఆయన్నే అడగాలి.

మంట దగ్గర జాగ్రత్త

ఇది చాలామందికి తెలియదు. రోజూ రాసే జెల్లీ, పారఫిన్, నూనె బట్టలకి, దుప్పట్లకి ఇంకిపోతాయి. అలాంటి బట్ట నిప్పు తగిలితే మామూలు బట్ట కన్నా త్వరగా అంటుకుంటుంది. బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2018లో దీని మీద ప్రత్యేకంగా హెచ్చరించింది. ఒంటికి రాసుకున్న పెద్దవాళ్లు గ్యాస్ పొయ్యి, దీపం, చలిమంట, బీడీ దగ్గర జాగ్రత్తగా ఉండాలి. దుప్పట్లు తరచుగా ఉతకాలి. ఉతికినా జిడ్డు పూర్తిగా పోదని గుర్తుంచుకోవాలి.

మీరు తరచుగా అడిగే ప్రశ్నలు

పసిపిల్లలకి తడి మీద రాయొచ్చా? రాయొచ్చు. సెంట్ లేనిది, యూరియా లేనిది ఎంచుకోండి. రాసిన బిడ్డ చేతిలోంచి జారుతుంది, కాబట్టి పరుపు మీద పడుకోబెట్టి రాయండి.

ఎండాకాలం కూడా రాయాలా? చర్మం పొడిబారితే రాయండి, కానీ పలచటి లోషన్. జెల్లీ, చిక్కటి క్రీమ్ పట్టించి చెమట పట్టే పని చేస్తే చెమటకాయలు ఎక్కువవుతాయి.

రోజూ రాస్తే చర్మానికి అలవాటైపోతుందా? అలవాటు అవ్వడం అంటూ ఏమీ ఉండదు. మానేస్తే పాత పొడిదనం తిరిగి వస్తుంది, అంతే.

ఎన్ని రోజుల్లో తేడా తెలుస్తుంది? బిగుతు మొదటి రోజే తగ్గుతుంది. దురద, పగుళ్లు తగ్గడానికి రెండు మూడు వారాలు పడుతుంది. మూడు వారాలు సరిగ్గా రాసినా తగ్గకపోతే క్రీమ్ మార్చొద్దు.. డాక్టర్‌ని కలవండి.

చివరగా ఒక్క మాట. ఇంట్లో పెద్దవాళ్లకి వీపు అందదు, వంగి పాదాలు రాసుకోలేరు. క్రీమ్ కొనిపెట్టి చేతులు దులుపుకుంటే డబ్బా అలాగే ఉండిపోతుంది. స్నానం అయ్యాక ఐదు నిమిషాలు పక్కన కూర్చుని మీరే రాయండి. మా అమ్మమ్మ మడమ మీద మచ్చ కనిపించింది అలా రాస్తున్నప్పుడే.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. చర్మ వ్యాధులు, షుగర్, కిడ్నీ సమస్యలు ఉన్నవారు ఏదైనా కొత్తగా వాడే ముందు డాక్టర్ సలహా తీసుకోవాలి.